అశ్లీలదోషము - పాఠకాధికారము

కావ్యమునందలి అశ్లీలమును గూర్చి మన ఆలంకారికులు చేసిన విచారణ సూక్ష్మమైనది. ఆ అశ్లీలమును చదువుకొను గృహస్థుని విషయమున రాజు చేయదగిన పని యేమో వారు విచారింపలేదు. వయస్సు వచ్చిన స్త్రీపురుషులు తమ యింట, తమ యేకాంతమున చదువుకొను గ్రంథములపైనను, చూచుకొను చిత్రములపైనను ప్రభుత్వమునకు అధికార ముండవలెనా యను ప్రశ్న నేడు న్యాయవాదులకును వార్తాపత్రికలకును విడువబడినది. సాహిత్య విద్యార్థికి దీనితో పనిలేదనుకొనుట పొరపాటు. ఉత్తమమైన తెలుగు కావ్యమొకటి ఈ ప్రశ్న కారణముగ 36 సంవత్సరములు నిషేధమున పడియుండెను.

ఈ వ్యాసమునకు వలయు ఉదాహరణములను వీలయినంతవరకు కృష్ణకు పశ్చిమమున గల డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లెల పరిసరములనుండి గ్రహించితిని. నాకు తెలిసిన సీమ యగుట యొక కారణము. నాటకమునకును, కథకును, పుస్తకమునకును ఈ సీమలో గల పట్టు రెండవ కారణము. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినపుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది; బాపట్ల క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణమైనది; రేపల్లె అందు చేరినది. చదువరుల అభిరుచులు మాత్రము ఆ సరిహద్దు ననుసరించి విడిపోయినట్లు తోచదు.

అశ్లీలము మన శాస్త్రమున దోషము. వ్రీడావ్యంజకము, జుగుప్సావ్యంజకము, అమంగళవ్యంజకము అని మమ్మటుడు దానిని మూడు తెఱగుల విభజించెను. సిగ్గు కలిగించునదియే అశ్లీలమని నేటి వ్యవహారము. శాస్త్రమున రోత పుట్టించు మాటయు, చావును స్ఫురింపజేయు మాటయు అంతే అశ్లీలములు. మఱియొక విశేషము కలదు. ఇది నిత్యదోషము కాదు. సురతగోష్ఠియందు వ్రీడావ్యంజకమును, వైరాగ్యకథనమునందు జుగుప్సావ్యంజకమును గుణములే యగునని శాస్త్రమే యంగీకరించినది. అనగా దోషము మాటను అంటిపెట్టుకొని యుండునది కాదు. వక్తనుబట్టి, శ్రోతనుబట్టి, సందర్భమునుబట్టి యేర్పడునది. దానిని నిర్ణయించువాడు సహృదయుడు. శిక్షయో, కావ్యము ఉత్తమకావ్యము కాకపోవుటయే. అంతకు మించిన శిక్షను అలంకారశాస్త్ర మెఱుగదు.

ఆంగ్లేయుల శాసనముతోపాటు మనకు వేఱొక పాఠకుడు పరిచయమయ్యెను. 1860 నాటి భారత శిక్షాస్మృతి 292వ విభాగమున అశ్లీలగ్రంథముల విక్రయమును నేరముగ చేసెనేకాని అశ్లీలమన నేమో నిర్వచింపలేదు. 1868లో ఇంగ్లండున హిక్లిన్ వ్యవహారమున ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ చెప్పిన లక్షణము ఆ లోటును పూరించెను. దాని తాత్పర్య మిది: చెడు ప్రభావములకు లొంగిపోవు మనస్సుగలవారి చేతిలో పడినచో వారిని చెఱచు స్వభావము ఆ గ్రంథమునకు కలదా యని చూడవలెను. గ్రంథమును కొలుచువాడు ఇక్కడ సహృదయుడు కాడు, దుర్బలుడు. ఊరిలో నూర్గురు చదువరులున్నచో వారిలో మిక్కిలి బలహీనుడైన యొక్కని కొలతయే తక్కినవారి కందఱకు కొలత యగును. దీనిని న్యాయసూత్రమని పిలిచినను, నిజమునకు ఇది యొక సాహిత్యసిద్ధాంతము. పాఠకుడెవ్వడను ప్రశ్నకు చెప్పిన యొక సమాధానము. సిద్ధాంతముగ ఇది నిలువదని మన మెఱుగుదుము. ఎఱిగియు, ఆ మాట గట్టిగ చెప్పినవారము కాము.

ఈ కొలత తెలుగు కావ్యముపై పడినపుడేమి జరిగెనో ‘రాధికాసాంత్వనము’ చరిత్ర తెలుపును. ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దిని తంజావూరేలిన ప్రతాపసింహుని యాస్థానమునందలి విదుషి. ఆమె కావ్యమున నాలుగాశ్వాసములు కలవు. రాధ తాను పెంచిన ఇళను శ్రీకృష్ణున కిచ్చి పెండ్లిచేయుట, పిదప తానే యీర్ష్యచే దహింపబడుట, కృష్ణుడు వచ్చి యామెను ఓదార్చుట ఇందలి కథ. స్త్రీయొక్క కోరికను స్త్రీయే చెప్పుట దీనియందలి విశేషము. దీనిపై వచ్చిన తగవంతయు అందుండియే పుట్టినది. పందొమ్మిదవ శతాబ్ది చివర వెలువడిన ముద్రణమున పీఠికాభాగమును, కొన్ని పద్యములును విడువబడినవి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, విడిచిన భాగములను చేర్చి, 1910లో వావిళ్లవారిచే సమగ్రముగ ప్రకటింపజేసిరి.

కందుకూరి వీరేశలింగముగారు కవుల చరిత్రమున ఈ కవయిత్రిని తీవ్రముగ నిందించియుండిరి. ఆమె వేశ్యయనియు, ఆమె చెప్పినవి స్త్రీలు వినదగినవి కావనియు ఆ నింద సారాంశము. నాగరత్నమ్మగారు వెనుదీయలేదు. పురుషకవుల శృంగారమునకు వర్తింపని నియమము స్త్రీ శృంగారము చెప్పినపుడు మాత్రము వర్తించుటెట్లని వారు ప్రశ్నించిరి. ఈ ఘట్టమును మన విద్యార్థులు తఱచు తప్పుగ చదువుచున్నారు. వీరేశలింగముగారిని నిషేధమునకు కర్తగ చూపు పరీక్షాపత్రములను నేను పెక్కు చూచితిని. వీరేశలింగముగారు విమర్శకులు. గ్రంథమును నిందించు హక్కు విమర్శకునకు పూర్తిగ కలదు. ఆ నిందను ఖండించు హక్కు నాగరత్నమ్మగారికిని అంతే కలదు. ఆ వాదము సాగనిచ్చియున్నచో తెలుగు విమర్శకు గొప్ప మేలు జరిగియుండెడిది. దానిని ముగించినది ఏ పక్షపు యుక్తియు కాదు. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనము చేసికొనుటచే అది ముగిసినది.

పండితులు అర్జీలు పెట్టుకొనిరి. వావిళ్ల వేంకటేశ్వరశాస్త్రులుగారు ఏండ్ల తరబడి పోరాడిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వకాలమున 1947లో నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారు దానిని మఱల ముద్రించిరి. దేవదాసీల సమర్పణమును నిషేధించు మద్రాసు శాసనమును 1947లోనే వచ్చినది. ముద్దుపళని గ్రంథము విడుదలయైన సంవత్సరముననే ముద్దుపళని వంటి విదుషులను పెంచిన వ్యవస్థ చట్టముచే ముగియుట కాకతాళీయమే కావచ్చును. ఆ వ్యవస్థ పోవలసినదే. దానితోపాటు పోయిన స్త్రీల విద్యను గూర్చి వేఱొక వ్యాసము వ్రాయవలసియున్నది.

1911కును 1952కును నడుమ సాహిత్యచరిత్రలు వ్రాసినవారికిని, వానిని చదివి ఉపాధ్యాయులైనవారికిని ఈ కావ్యము అంగడిలో దొరకునది కాదు. దొరకినది వీరేశలింగముగారి తీర్పు. మూలము లేకయే తీర్పు ఒక తరమునుండి మఱియొక తరమునకు సంక్రమించినది. నిషేధమువలన కలుగు నష్టములలో పాఠకుని సుఖమునకు భంగము కలుగుట చిన్నది. చదివి, ఇది చెడ్డ గ్రంథమని తానుగ తేల్చుకొను శక్తిని అతడు కోల్పోవుట పెద్దది. కావ్యములలో రేపల్లె యనగా నందుని పల్లె, రాధాకృష్ణుల విహారభూమి. డెల్టాలోని రేపల్లె పాఠకుడు ఆ రేపల్లెను గూర్చిన యీ కావ్యమును కొనుటకు 1952 వరకు వేచియుండవలసివచ్చెను.

అచ్చులో లేనిది నోటిలో లేదని యనుకొనరాదు. తెనాలి రామలింగని పేర నడచు చాటువులలో పుస్తకమున కెక్కనివి మనలో ఎందఱికి రావు? పెండ్లివిడిదిలో, అరుగులమీద, పిల్లలు నిద్రించిన పిదప వానిని చెప్పి నవ్వుకొనిన పెద్దలు నీతిమంతులే. అధికారి రికార్డుకెక్కని యా సంప్రదాయము చెక్కుచెదరలేదు. అచ్చునకు ఎక్కిన విదుషి మాత్రము దండింపబడినది.

తెనాలి చలముగారు పెరిగిన యూరు. 1894లో మద్రాసున జన్మించి, మాతామహుని యింట తెనాలిలో పెరిగి, అక్కడి యాచారములలోని క్రౌర్యమును బాల్యముననే చూచినవారు. వారి ‘మైదానం’ 1927 నాటిది. దానిని గూర్చిన తగవు ఎంత తీవ్రమైనను, పెక్కిండ్లలో అదియొక దాచుకొని చదువు పుస్తకముగనే బ్రతికినది. నా చిన్ననాట తెనాలినుండి రేపల్లెకు పోవు పాసింజరు బండిలో వార్తాపత్రిక అట్ట వేసిన పుస్తకము నొకదానిని పెద్దమనిషి యొకరు చదువుచు, స్టేషను వచ్చినప్పుడెల్ల మూసి ఒడిలో పెట్టుకొనుట చూచితిని. అది చలముగారి పుస్తకమో, అంతకంటె హీనమైన కొక్కోకపు పుస్తకమో నే నెఱుగను. ఎఱుగవలసిన యవసరము నాకు లేదు. ప్రభుత్వమునకు అంతకన్న లేదు.

చదువుటకును చూచుటకును గల భేదము ఇక్కడ వచ్చును. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభతో ప్రసిద్ధికెక్కిన నటులు. స్త్రీపాత్రలలో వారికి సాటిలేదని ఆ తరమువారు చెప్పుచుండెడివారు. సత్యభామ, మధురవాణులతోపాటు చింతామణియు వారి పాత్రలలో నొకటి. కాళ్లకూరి నారాయణరావుగారు ‘చింతామణి’ని వ్రాసినది వేశ్యావ్యసనమును ఖండించుటకు. వ్రాసిన నాటకము వేఱు, పల్లెలలో తెల్లవార్లు ఆడిన నాటకము వేఱు. సుబ్బిశెట్టి ఘట్టమును నటులు తమ సొంత మాటలతో పెంచి పెంచి, చివరకు నాటకమున సంస్కరణము తగ్గి మోటుసరసము మిగిలెను. స్థానంవారి చింతామణిని ఎఱిగినవారికి ఇది బాధాకరమే. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాష్ట్రమంతటను ఈ నాటక ప్రదర్శనమును నిషేధించెను. ఆర్యవైశ్య సంఘములవారు తమ కులమును అవమానించుచున్నారని చేసిన విజ్ఞప్తి దానికి మూలము. పుస్తకమును నిషేధింపలేదు; ప్రదర్శనమును మాత్రమే నిషేధించిరి. విషయము ఉన్నత న్యాయస్థానము వఱకు పోయెను.

అవమానము నిజమే. ఊరి నడుమ మైకు పెట్టి ఒక కులస్థుని వేషమును రాత్రియంతయు హేళన చేయుచుండగా, ఆ కులమువాని కొడుకు పక్కవీధిలో నిద్రపోలేకపోవుటను తేలికగ తీసివేయరాదు. బహిరంగస్థలమున పసివారు, దారినపోవువారు, వినదలపనివారు ఉందురు. అచట కాలమును, స్థలమును, ధ్వనిని నియమించు నధికారము ప్రభుత్వమునకు ఉండవలసినదే. అయితే నటుల ప్రక్షిప్తములకు శిక్షగ కవియొక్క నాటకమునంతను రంగమునుండి వెడలగొట్టుట ప్రక్షిప్తశ్లోకమున్నదని గ్రంథమును తగులబెట్టుట వంటిది. పరిష్కర్తలమైన మనకు ఈ పోలిక వేఱుగ వివరింపనక్కఱలేదు. అంతకంటె గమనింపదగిన దొకటి కలదు: ఆ మోటు ఘట్టముల వీడియోలు అంతర్జాలమున కలవు. బాపట్లలో గాని రేపల్లెలో గాని చేతిఫోను గలవాడు దుప్పటి క్రింద వానిని చూడవచ్చును. ఒక సంస్కరణ నాటకమును శుద్ధముగ ఆడగల నటులుండినను వారికి రంగము లేదు. మోటుదనమునకు మాత్రము ఏకాంతమున లోటు లేదు.

ఇక ఏకాంతమును గూర్చి మన శాసనమేమనుచున్నది? 292వ విభాగము అమ్ముట, అద్దెకిచ్చుట, పంచిపెట్టుట, అందుకొఱకు దగ్గఱ నుంచుకొనుట మొదలగువానిని శిక్షించెను. తన కొఱకు ఉంచుకొని చదువుకొనుట దానిచే నేరము కాలేదు. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 294వ విభాగమునను ఈ పద్ధతియే కలదు. 1964లో రంజిత్ ఉదేశీ వ్యవహారమున సర్వోన్నత న్యాయస్థానము ‘లేడీ చాటర్లీస్ లవర్’ను అశ్లీలమని నిర్ణయించి శిక్షించినది బొంబాయి పుస్తక విక్రేతను. కొన్నవారిని ఎవ్వరు నేమియు అనలేదు. హిక్లిన్ కొలతను ఆ తీర్పున అంగీకరించిన న్యాయస్థానమే 2014లో అవీక్ సర్కార్ వ్యవహారమున దానిని విడిచి, గ్రంథమును సమగ్రముగ, సమకాలిక సమాజప్రమాణములతో చూడవలెనని చెప్పెను. ఆ దుర్బల పాఠకుని పాలన మన దేశమున 2014 వఱకు సాగినదన్నమాట.

2015 జులైలో అశ్లీల చిత్రముల వెబ్‌సైట్లను నిషేధింపవలెనను వ్యాజ్యమున, వయస్సు వచ్చినవాడు తన గది నాలుగు గోడల నడుమ చూచుటను తామెట్లు ఆపగలమని ప్రధాన న్యాయమూర్తి దత్తుగారు విచారణలో ప్రశ్నించిరి. ఆ నెల ముగియునప్పటికి కేంద్రప్రభుత్వము 857 వెబ్‌సైట్లను మూయింప నాజ్ఞాపించి, వారము దిరుగకమునుపే యా యాజ్ఞను చాలవఱకు సడలించెను. పాఠకుడు స్వతంత్రుడు, పుస్తకము మాత్రము బందీ యను విచిత్రస్థితి ఇది. చదువుట నేరము కాదనుచు చదువునది దొరకకుండ చేయుట పాఠకునకు స్వేచ్ఛ నిచ్చుట కాదు. భోజనము నేరము కాదని చెప్పి వంటయింటికి తాళము వేసినట్లున్నది.

ఈ సందర్భమున నా యభిప్రాయము మన శాఖవారిలో కొందఱకు రుచింపకపోవచ్చును. 1969లో 292వ విభాగమునకు చేసిన సవరణచే సాహిత్య, కళా, శాస్త్ర, విద్యా ప్రయోజనములకై లోకహితము గోరి ప్రకటించిన గ్రంథములకు మినహాయింపు లభించినది. మనము సంతోషించితిమి. ముద్దుపళని గొప్ప కవయిత్రి, క్షేత్రయ్య భక్తుడు, చలము సంస్కర్త యని వాదించి మనవారిని కాపాడుకొనవచ్చునని తలచితిమి. ఆ వాదమే బలహీనమైనది. గ్రంథము గొప్పది కనుక విడువుడని మన మనినచో, గొప్పది కానిదానిని పట్టుకొనుడని యొప్పుకొనినట్లే. పాసింజరు బండిలోని పెద్దమనిషి చేతిలోనిది ‘రాధికాసాంత్వనము’ అయినచో అతడు రసికుడు, నాసిరకపు కాగితముమీది చవుకబారు పుస్తకమైనచో అపరాధి యగునా? సాహిత్యవిలువను నిర్ణయించుట మన వృత్తి. ఆ నిర్ణయమును చెఱసాల తాళపుచెవిగ మార్చుకొనుట మన వృత్తి కాదు. పండితుడు సాక్షిగ నిలిచి ఇది కావ్యమని చెప్పినచో విడుదల, కాదన్నచో శిక్ష యను నేర్పాటున పండితుడు రాజోద్యోగి యగుచున్నాడు.

దీనివెనుక మఱియొక పాత యలవాటును కలదు. శృంగారము సంస్కృతమున ఉన్నచో దోషము లేదు, వ్రాతప్రతిలో ఉన్నచో లేదు, పరిశోధకుని బీరువాలో ఉన్నచో లేదు; తెలుగున, చవుక వెలకు, ఆడువారికిని కూలివారికిని అందినచో దోషము. అధికారిభేద మను శాస్త్రపదమును మనము ఇట్లు వాడుకొనుచున్నాము. శాస్త్రమున అధికారము చదువరియొక్క సంస్కారమునుబట్టి వచ్చునది. మన వాడుకలో అది జీతమునుబట్టియు, పట్టమునుబట్టియు వచ్చుచున్నది. నాగరత్నమ్మగారు ప్రశ్నించినది సరిగ దీనినే.

ఆక్షేపణ యొకటి మిగిలియున్నది, అది బలమైనది. ముద్దుపళని రాధ మాటలలో పుట్టిన స్త్రీ. నేడు తెఱలపై కనబడునది ప్రాణమున్న స్త్రీ. ఆమె ఇష్టపడి వచ్చినదో, అప్పుతీర్పలేక వచ్చినదో, తెలియకుండ కెమెరాకు చిక్కినదో చూచువానికి తెలియదు. కావ్యస్వాతంత్ర్యమును గూర్చి మనము చెప్పుకొను వాదములేవియు ఈ చిత్రములకు నేరుగ అన్వయింపవు. ఈ భేదమును కావ్యపక్షమువారు మఱుగుపఱచుట తగదు. అయితే ఈ యాక్షేపణము చూచువాని మనస్సు చెడుననుటకు సంబంధించినది కాదు. చిత్రింపబడిన మనిషికి జరిగిన హానికి సంబంధించినది. సమ్మతి లేక ఒకరి శరీరమును చిత్రించుటను సమాచార సాంకేతిక చట్టము 66ఈ విభాగము శిక్షించుచున్నది. పసివారి చిత్రముల విషయమున అదే చట్టము 67బీ విభాగమున వెదకుటను, దింపుకొనుటను సైతము నేరముగ పరిగణించినది. అట్టివానిని దగ్గఱ నుంచుకొనుటపై 2024 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పు మఱింత కఠినముగ నున్నది. ఇక్కడ రాజదండము గడప దాటి లోనికి వచ్చుట నాకు సమ్మతమే. లోపల నొకడు సుఖపడుచున్నాడని కాదు. ఆ చిత్రమున ఏడ్చుచున్న శిశువొకడున్నాడని. వయస్సు వచ్చినవారు ఇష్టపడి చేసినదానిని, వయస్సు వచ్చినవారు ఇష్టపడి చూచుటకు ఈ కారణము వర్తింపదు.

చూచిన వ్యసనమువలన సంసారములు చెడుచున్నవను మాటయు వినుచున్నాము. కొన్ని చెడుచునే యుండవచ్చును. కాళ్లకూరివారు ఆ పనికే నాటకము వ్రాసిరి, శాసనము చేయుడని అర్జీ వ్రాయలేదు. ఆ నాటకమును ఆడగూడదని యిప్పుడు మనమే అనుచున్నాము.

పరిశోధక విద్యార్థులు ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదు. నిషేధమునకు గుఱియైన గ్రంథములను గూర్చి మనము వ్రాసినదంతయు కవులవైపునుండియు ప్రభుత్వమువైపునుండియు వ్రాసినదే. చదివినవారి వైపునుండి వ్రాసినది లేదు. నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెమున 1918లో నెలకొనిన సారస్వతనికేతనము వంటి గ్రంథాలయములును, ఈ మూడు పట్టణములలో పుస్తకములు అద్దెకిచ్చిన చిన్న యంగళ్లును పాఠకచరిత్రకు ఆకరములు. దేని నెవరు తీసికొనిపోయిరి, ఎన్నాళ్లుంచుకొనిరి, పుటలు నలిగినవా, చింపబడినవా యను వివరములు దొరకినంతవఱకు పోగుచేయవలసియున్నది. పేర్లను మాత్రము విడిచి వ్రాసికొనవలెను. 1910, 1952 ముద్రణముల ‘రాధికాసాంత్వనము’ ప్రతులు ఎక్కడ దొరకినను అంచులలోని వ్రాతలను గూడ విడువక ఎత్తి వ్రాయవలెను. ఇంటింటి దూలములపైని పెట్టెలలో ఇంకను కొన్ని యుండునని నా నమ్మకము.